ముందు కేబుల్ చూడన్నా! – ఏ ప్లస్ చదువుతూ నేర్చుకున్న మరమ్మతు పాఠాలు



పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి మా హాస్టల్ రూమ్‌లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. తెల్లారితే మా రూమ్మేట్‌కి ప్రాజెక్ట్ రివ్యూ. రాత్రి పదకొండింటికి సిస్టమ్ ఆన్ చేశాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". అప్పటికి నేను రెండు నెలలుగా కాంప్‌టియా ఏ ప్లస్ పరీక్షకి చదువుతున్నా. మా ఫ్లోర్ మొత్తానికి కంప్యూటర్ డాక్టర్ని నేనే. ర్యామ్ ఒకసారి తీసి పెట్టాను. మార్పు లేదు. పెద్ద అనుభవం ఉన్నవాడిలా తేల్చేశా: "మదర్‌బోర్డ్ పోయిందిరా."

వాడు అప్పుడే ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఎనిమిది వేలు కావాలంటే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పొద్దున్నే ఎవర్నైనా అడిగి పంపుతాలే, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి నాకూ వినపడింది.

ఒంటిగంటకి ఛార్జర్ కోసం పక్క రూమ్ తమ్ముడొకడు వచ్చాడు. ఫస్టియర్ సివిల్. సంగతి విని, "అన్నా, సాయంత్రం టేబుల్ ఫ్యాన్ కిందికి జరిపారు కదా, అప్పుడు వైర్లన్నీ పీకారా? ముందు కేబుల్ చూడన్నా" అన్నాడు. పీకాం. తిరిగి పెట్టేటప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా, పైన మదర్‌బోర్డ్ పోర్టుకి పెట్టాం. వాడి ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ లేదు, కాబట్టి ఆ పోర్టులోంచి బొమ్మ వచ్చే ప్రసక్తే లేదు. కేబుల్ కింది పోర్టుకి మార్చగానే స్క్రీన్ వచ్చేసింది.

సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆ వారమే మాక్ టెస్టులో నాకు తొంభై శాతం వచ్చింది. మార్కులు వేరు, మరమ్మతు వేరు అని ఆ రాత్రి తెలిసింది. అందుకే ఈ వ్యాసం. పరీక్ష రాసేవాళ్ళకీ పనికొస్తుంది, రాయనివాళ్ళ జేబుకీ పనికొస్తుంది.

పరీక్ష సంగతి క్లుప్తంగా

ఏ ప్లస్ అంటే కంప్యూటర్ టెక్నీషియన్లకి తొలిమెట్టు సర్టిఫికేషన్. కోర్ 1, కోర్ 2 అని రెండు పరీక్షలుంటాయి. రెండూ పాసైతేనే సర్టిఫికెట్. 2025 మార్చిలో వచ్చిన వెర్షన్‌లో వీటి నంబర్లు 220-1201, 220-1202. ఒక్కోదానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. స్కోరు 100 నుంచి 900 దాకా ఉంటుంది. కోర్ 1కి 675, కోర్ 2కి 700 రావాలి. కోర్ 1లో హార్డ్‌వేర్‌కి 25 శాతం, హార్డ్‌వేర్-నెట్‌వర్క్ ట్రబుల్‌షూటింగ్‌కి 28 శాతం వెయిటేజీ. అంటే సగానికి పైగా మనం ఇప్పుడు మాట్లాడుకునేదే. మామూలు బిట్లతో పాటు, స్క్రీన్ మీద పని చేసి చూపించే ప్రశ్నలు కూడా ఉంటాయి. అవి బట్టీ పట్టినవాడికి లొంగవు.

ఆరు మెట్లు

ఏ సమస్యకైనా కాంప్‌టియా చెప్పే వరస ఇది:

1. సమస్య ఏంటో గుర్తించు. వాడినవాళ్ళని అడుగు, ఈమధ్య ఏం మారిందో తెలుసుకో, ఏదైనా ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకో.
2. కారణం ఏమై ఉంటుందో ఊహించు. కళ్ళెదుట ఉన్న తేలికైన కారణాన్ని ముందు అనుమానించు.
3. ఆ ఊహని పరీక్షించు. తప్పైతే ఇంకో ఊహ చెయ్యి, లేదా నీకంటే తెలిసినవాళ్ళకి అప్పగించు.
4. ఏం చెయ్యాలో ప్లాన్ వేసుకుని చెయ్యి.
5. మొత్తం సిస్టమ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూడు. మళ్ళీ రాకుండా జాగ్రత్త తీసుకో.
6. ఏం కనిపించింది, ఏం చేశావు, ఏమైంది... రాసిపెట్టు.

ఆ రాత్రి నేను చేసిందేంటి? మొదటి మెట్టులో "ఏం మారింది?" అని అడగలేదు. రెండో మెట్టులో కేబుల్ వదిలేసి ఏకంగా మదర్‌బోర్డ్‌కి వెళ్ళా. మూడో మెట్టు ఎక్కనే లేదు. ఊహనే తీర్పుగా చెప్పేశా. ఆ తీర్పుకి డబ్బు కట్టాల్సింది నేను కాదు, ఎక్కడో ఉన్న ఒక నాన్న.

మొదటి మెట్టులో మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో "సీపీయూ పోయింది" అంటే ప్రాసెసర్ అని కాదు, ఆ డబ్బా మొత్తం అని. "వైరస్ వచ్చింది" అంటే స్లో అయిందని కావచ్చు, వేడెక్కిందని కావచ్చు, ఏదైనా కావచ్చు. ఎస్సెంపీఎస్ అని షాపులో పిలిచేదాన్నే పరీక్షలో పవర్ సప్లై యూనిట్ అంటారు. కాబట్టి "ఏమైంది?" అని అడిగి ఊరుకోకండి. "ఆన్ చేసినప్పుడు ఏం కనపడుతోంది? ఏం వినపడుతోంది? ఎంతసేపటికి ఆగిపోతోంది?" అని అడగండి.

ఇక రోజూ ఎదురయ్యే సమస్యలు చూద్దాం.

ఒకటి: అసలు పవర్ రావట్లేదు

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? స్విచ్ బోర్డులో కరెంటు ఉందా? అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడకి పెట్టండి. పవర్ కేబుల్ మార్చి చూడండి. ఎస్సెంపీఎస్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, ఆన్‌లో ఉందా? అన్నీ బాగుంటే అప్పుడు స్క్రూడ్రైవర్ తియ్యండి.

ఎస్సెంపీఎస్‌ని విడిగా పరీక్షించడానికి ఒక పాత పద్ధతి ఉంది. కరెంటు తీసేసి, మదర్‌బోర్డ్ నుంచి, మిగతా వాటి నుంచి అన్ని కనెక్టర్లూ విడదీయాలి. 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నుని (సాధారణంగా ఆకుపచ్చ వైరు) ఏదైనా నల్ల వైరు పిన్నుతో కలిపి, తర్వాత కరెంటు ఇవ్వాలి. ఫ్యాన్ తిరిగితే యూనిట్ ఆన్ అవుతోందని అర్థం. అంతవరకే! లోడ్ మీద సరిగ్గా ఇస్తుందని కాదు. పైగా కొన్ని మోడళ్ళలో లోడ్ లేకపోతే ఫ్యాన్ తిరగదు. వోల్టేజీలు మల్టీమీటర్‌తో చూసుకోవాలి. అనుమతించే తేడా 5 శాతం. అంటే 12 వోల్టుల లైన్ 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. అన్నిటికంటే మంచి పరీక్ష, బాగా నడుస్తున్న ఇంకో ఎస్సెంపీఎస్ తెచ్చి పెట్టి చూడటం.

ఒక హెచ్చరిక: ఎస్సెంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. అది ప్రాణం మీదికొచ్చే వ్యవహారం. పోతే మార్చడమే.

రెండు: పవర్ వస్తోంది, డిస్‌ప్లే లేదు

ఇది మా రూమ్ కేసు. వరసగా వెళ్ళండి. మానిటర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకుని ఉందా? గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే ఉందా? వేరే కేబుల్‌తో వస్తోందా? ఆ తర్వాతే లోపలికి.

కరెంటు తీసేసి ర్యామ్ స్టిక్కులు ఊడదీసి, రెండు వైపులా టక్‌మని లాక్ పడేదాకా మళ్ళీ పెట్టండి. రెండు స్టిక్కులుంటే ఒక్కోటే పెట్టి చూడండి. ఒక స్టిక్కుతో వచ్చి ఇంకోదానితో రాకపోతే దొంగ దొరికినట్టే. అది స్టిక్కా, స్లాటా అన్నది స్లాట్ మార్చి తేల్చుకోవచ్చు. షాపుల్లో ర్యామ్ కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. దానికంటే మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవడం మేలు. రబ్బరు పొడి స్లాట్‌లో పడే బాధ ఉండదు.

ప్రాసెసర్ దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్‌ని చాలామంది మర్చిపోతారు. అది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ మాత్రం రాదు. మదర్‌బోర్డ్‌కి స్పీకర్ ఉంటే బీప్‌లు వినండి. ఎన్ని బీప్‌లకి ఏ అర్థమో తయారీదారుని బట్టి మారుతుంది, కాబట్టి బట్టీ పట్టకుండా మాన్యువల్ చూడండి. చివరగా ప్రాసెసర్, ఒక ర్యామ్, డిస్‌ప్లే... ఈ మూడే ఉంచి మిగతావన్నీ తీసేసి చూడండి. వస్తే, తీసినవాటిని ఒక్కొక్కటిగా పెడుతూ పోండి. ఏది పెట్టగానే ఆగిపోయిందో అదే కారణం. మదర్‌బోర్డ్ మీద అనుమానం ఈ లిస్టులో ఆఖరిది. మొదటిది కాదు!

మూడు: తేదీ వెనక్కి పోతోంది

పొద్దున్నే ఆన్ చేస్తే తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. బ్రౌజర్ ఏ సైటు తెరిచినా "సురక్షితం కాదు" అంటుంది. చాలామంది నెట్ ప్రాబ్లం అనుకుంటారు. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి చెల్లుబాటు తేదీలుంటాయి కదా, మన గడియారం తప్పైతే అవి చెల్లనట్టు కనిపిస్తాయి. అసలు దోషి మదర్‌బోర్డ్ మీద నాణెంలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ. 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. వాచీల షాపులోనూ దొరుకుతుంది. కొత్తది వేశాక బయోస్‌లో తేదీ, బూట్ సెట్టింగ్స్ ఒకసారి సరిచూసుకోండి.

నాలుగు: వేడెక్కి ఆగిపోతోంది

మన ఎండాకాలంలో ఇది మామూలే. కాసేపు పని చేసి నెమ్మదిస్తుంది, తర్వాత టప్పున ఆగిపోతుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అయినా తగ్గకపోతే తనని కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఉష్ణోగ్రత బయోస్‌లో గానీ, హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గానీ చూడండి. ఊహని పరీక్షించడం అంటే అదే.

దుమ్ముంటే బ్లోయర్‌తో ఊదండి, కానీ ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని ఊదండి. గాలికి ఫ్యాన్ విపరీతంగా తిరిగితే పాడవ్వచ్చు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, దానితో స్టాటిక్ పుడుతుంది. ఏళ్ళ తరబడి వాడిన సిస్టమ్‌లో థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. పాతది శుభ్రంగా తుడిచి బఠాణీ గింజంత కొత్తది చాలు. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఇది మనందరి తప్పే.

ఐదు: హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటోంది

ఇక్కడ నా రెండో తప్పు చెప్పుకోవాలి. దీనికి సుఖాంతం లేదు.

ఒక క్లాస్‌మేట్ డెస్క్‌టాప్ చాలా స్లోగా ఉందంటే చూశా. డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం. ఫైల్ సిస్టమ్ పాడైందేమో అనుకుని చెక్‌డిస్క్ రిపేర్ మోడ్‌లో పెట్టి, టీకి వెళ్ళా. తిరిగొచ్చేసరికి డిస్క్ అసలు కనపడటమే మానేసింది. అందులో వాళ్ళ అక్క పెళ్ళి ఫొటోలున్నాయి. ఇంకో కాపీ లేదు. తర్వాత ఎంత తంటాలు పడినా సగం కూడా రాలేదు. తను నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

నేను చేసిన తప్పేంటంటే, శబ్దం చేస్తున్న డిస్క్‌కి సమస్య ఫైళ్ళలో కాదు, యంత్రంలోనే ఉండొచ్చు. చచ్చిపోతున్న డిస్క్ చేత చెక్‌డిస్క్ గంటల తరబడి చదివించి, రాయించడం అంటే జ్వరంతో ఉన్నవాడిని పరిగెత్తించడమే. అసలు వరస ఇదీ: ముందు వాడకం ఆపండి. ముఖ్యమైన ఫైళ్ళు వేరే డిస్క్‌కి కాపీ చెయ్యండి. కాపీ కూడా ఆగిపోతుంటే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాధనం ఉంది. అది బాగున్న భాగాలని ముందు లాగేసి, పాడైనవాటి దగ్గరికి చివర్లో వెళ్తుంది. వెలకట్టలేని డేటా అయితే అసలు ముట్టుకోకుండా రికవరీ నిపుణులకి ఇవ్వండి.

డిస్క్ ఆరోగ్యం ముందే తెలుసుకోవడానికి స్మార్ట్ రిపోర్టు చూడొచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు అంకెలు పెరుగుతుంటే డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. ఎస్‌ఎస్‌డీ అయితే శబ్దం కూడా చెయ్యదు, చెప్పాపెట్టకుండా పోవచ్చు. అందుకే బ్యాకప్ అనే మాట మొదటి మెట్టులోనే ఉంది.

ఆరు: క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఇది మన దగ్గర పాత బిల్డింగుల్లో ఎక్కువ. చాలామంది "కొంచెం షాక్ కొడుతుందిలే" అని సర్దుకుపోతారు. ఎస్సెంపీఎస్ ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లుంటాయి. ప్లగ్గులో ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద 230 వోల్టుల్లో దాదాపు సగం తేలుతుంది. కరెంటు చిన్నదే కాబట్టి జివ్వుమంటుంది. కానీ ఎర్త్ లేని చోట లోపల నిజంగా ఏదైనా షార్ట్ అయితే కాపాడేది ఏదీ ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఇది కంప్యూటర్ రిపేర్ కాదు, గోడ రిపేర్.

దీనికి తోడు స్టాటిక్ కరెంటు కూడా. మన వేలికి చురుక్కుమనాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలంటారు. చిప్‌లు అంతకంటే చాలా తక్కువకే పాడవుతాయి. అందుకే ర్యామ్ పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి, రిస్ట్ స్ట్రాప్ వాడండి.

చివరి మెట్టు ఎందుకు?

"రాసిపెట్టు" అనేది అందరికీ బోర్ కొట్టే మెట్టు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక చిమ్మట ఇరుక్కుంది. ఆపరేటర్లు దాన్ని తీసి, లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, పక్కన రాసిపెట్టారు. "బగ్" అనే మాట ఇంజనీర్లలో అంతకు ముందే ఉంది, కానీ ఆ పురుగు కథ ఇవాళ్టికీ అందరికీ తెలుసంటే వాళ్ళు రాసిపెట్టడం వల్లే. ఆ పుస్తకం ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

నేనూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నా. తేదీ, లక్షణం, అంతకు ముందు ఏం మారింది, ఏం చేశాను, ఏమైంది... ఐదు గడులు. మొదటి పేజీలో రెండు కేసులూ రాశాను, తప్పులతో సహా.

మీకు మూడు ప్రశ్నలు

ఒకటి. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాక గేమ్ మొదలవగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. మామూలు పనికి బాగానే ఉంది. ముందు దేన్ని అనుమానిస్తారు?

రెండు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచింది, మూత సరిగ్గా పడట్లేదు. ఏం చేస్తారు?

మూడు. ఏ పని చేస్తున్నా, సమయం సందర్భం లేకుండా బ్లూ స్క్రీన్. ప్రతిసారీ వేరే ఎర్రర్. ముందు ఏ పరీక్ష పెడతారు?

జవాబులు: మొదటిదానికి ఎస్సెంపీఎస్ సామర్థ్యం. మారింది కార్డు, లోడ్ పెరిగినప్పుడే ఆగుతోంది కదా. రెండోదానికి, బ్యాటరీ ఉబ్బింది. వెంటనే వాడకం, ఛార్జింగ్ ఆపాలి. నొక్కకూడదు, గుచ్చకూడదు. మార్పించి, పాతదాన్ని చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్‌కి ఇవ్వాలి. మూడోదానికి ర్యామ్ పరీక్ష. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ గానీ, మెమ్‌టెస్ట్ గానీ. లోపం కనపడితే ఒక్కో స్టిక్కుతో మళ్ళీ పెట్టండి.

ఆ రాత్రి స్క్రీన్ వచ్చాక మా రూమ్మేట్ వాళ్ళ నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాడు. ఒంటిగంట దాటినా ఆయన ఒక్క రింగ్‌కే ఎత్తాడు. "డబ్బులు వద్దులే నాన్నా, వైరు తప్పు పెట్టాం అంతే" అంటే, ఆయన నవ్వి "మంచిది, ఇక పడుకో" అన్నాడు. ఆయన మాత్రం అప్పటిదాకా పడుకోలేదని నాకు అర్థమైంది.

కాబట్టి మిత్రులారా, ఎవరి సిస్టమ్ ముందు కూర్చున్నా "పోయింది" అనే మాట నోట్లోంచి వచ్చే ముందు ఒక్కసారి కేబుల్ చూడండి. బ్యాకప్ ఉందా అని అడగండి. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. బయట తప్పు చెబితే పోయేది వేరేవాళ్ళది.

వచ్చే నెల నా కోర్ 1 పరీక్ష. ఈలోగా మీ రూమ్‌లో ఏ సిస్టమ్ మొరాయించినా పిలవండి. నోట్‌బుక్ పట్టుకుని వస్తా!